మాత్రలు వేస్తూనే ఉన్నాం, నులిపురుగులు మళ్లీ వస్తూనే ఉన్నాయి. బడిలో ముందు ఏది బాగుచేయాలి?

బడిగంట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా 320 మంది పిల్లలున్న బడి. ఆడపిల్లలు 150, మగపిల్లలు 170, సిబ్బంది 14 మంది. ఏడాదికి రెండుసార్లు అందరికీ అల్బెండజోల్ 400 మి.గ్రా. మాత్ర ఇస్తున్నాం. ఇచ్చిన కొత్తలో బాగానే ఉంటుంది. నాలుగైదు నెలలు తిరిగేసరికి మళ్లీ మామూలే: కడుపునొప్పి, నీరసం, మలంలో పురుగు పడిందని తల్లులు వచ్చి చెప్పడం.

ప్రస్తుతం ఉన్నవి ఇవి. ఆడపిల్లల వైపు 4 మరుగుదొడ్లు, అందులో ఒకటి సిబ్బంది తాళం వేసుకున్నారు, ఇంకోదానికి తలుపు విరిగింది. మగపిల్లల వైపు 3 దొడ్లు, ఒక మూత్రశాల గోడ. అన్నీ మగ్గుతో నీళ్లు పోసే రకమే, ఒకే సెప్టిక్ ట్యాంకులోకి వెళ్తాయి. పైన 1000 లీటర్ల నీళ్ల ట్యాంకు, పొద్దున ఒక్కసారే నిండుతుంది. చేతులు కడగడానికి 4 కుళాయిలు. సబ్బు పెడితే రెండో రోజుకి మాయం. వారానికోసారి బ్లీచింగ్, ఫినాయిలు చల్లిస్తున్నాం.

ఇప్పుడు మరమ్మతులకు కొంత డబ్బు వచ్చే వీలుంది, కానీ ఒక్కసారికే. కొత్త దొడ్లు కట్టాలని కమిటీలో ఎక్కువమంది మాట. అది సరైనదేనా? మాత్ర మార్చాలా? బ్లీచింగ్ రోజూ చల్లితే గుడ్లు చస్తాయా?

చాక్‌పీసు:

వారానికి ఒకసారి బ్లీచింగ్ ఏ మూలకీ చాలదు. రోజూ చల్లించండి, దొడ్ల చుట్టూ మట్టి మీద కూడా తెల్లగా కనబడేలా వేయించండి. మోతాదు కాస్త ఎక్కువైనా నష్టం లేదు, పురుగులూ గుడ్లూ అన్నీ పోతాయి.

సూక్ష్మదర్శిని:

చాక్‌పీసు గారూ, ఇక్కడ ఒక్క మాట ఆపాలి. బ్లీచింగ్ బ్యాక్టీరియాకి, చాలా వైరస్‌లకి పనికొస్తుంది. నులిపురుగుల్లో పెద్దదైన ఏలికపాము గుడ్డు పెంకు పొరలు పొరలుగా ఉంటుంది. మామూలుగా నేల కడిగే క్లోరిన్ మోతాదుకు అది చలించదు. అదే మట్టిలో ఏళ్ల తరబడి బతకగలదు. దాన్ని చంపేది వేడి (60 డిగ్రీలు దాటితే త్వరగా చస్తుంది), బాగా ఎండిపోవడం, చాలాకాలం నిల్వ. ఇక మట్టి మీద చల్లిన క్లోరిన్ అక్కడున్న చెత్తాచెదారంతోనే ఖర్చయిపోతుంది. తెల్లగా కనబడిందంటే పని జరిగిందని కాదు. సున్నం పైపైన చల్లినా ఇంతే.

ఇక బడిగంట గారి ప్రశ్న. ఏది బాగుచేయాలో తేల్చే ముందు ఏ పురుగో తేల్చండి. వాడుకలో అన్నిటినీ నులిపురుగులనేస్తాం గానీ, బడిపిల్లల్లో కనిపించేవి ముఖ్యంగా నాలుగు రకాలు. అన్నీ ఒకే దారిన రావు. పెరటి గుమ్మంలోంచి దొంగ వస్తుంటే వీధి తలుపుకు తాళాలు మార్చి లాభం లేదు.

తల్లులు "పురుగు పడింది" అన్నారంటే అది చాలావరకు ఏలికపామే. వానపాములా ఉంటుంది, 15 నుంచి 35 సెం.మీ. పొడవు. ఆడపురుగు రోజుకు 2 లక్షల గుడ్ల దాకా పెడుతుంది. కానీ ఆ గుడ్డు బయటపడిన రోజున ఎవరినీ ఏమీ చేయలేదు. తడి, నీడ ఉన్న మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఉంటేనే లోపల పిల్ల తయారవుతుంది. అంటే పక్క బెంచీ పిల్లాడి నుంచి నేరుగా అంటుకునేది కాదు. కొన్ని వారాల కిందట మలం కలిసిన మట్టి ఈరోజు గోళ్ల కిందికి చేరి, అక్కడి నుంచి నోట్లోకి పోవాలి. కొరడాపురుగు దారీ ఇదే. అది 3 నుంచి 5 సెం.మీ. ఉంటుంది, సన్నటి తల భాగాన్ని పెద్దపేగు గోడలో గుచ్చుకుని ఉండిపోతుంది, కాబట్టి సాధారణంగా కంటబడదు.

కొంకిపురుగు వేరు. సెంటీమీటరు పొడవుంటుంది. గుడ్డు మట్టిలో ఒకటి రెండు రోజుల్లోనే పగులుతుంది, 5 నుంచి 10 రోజుల్లో లార్వా (పిల్లపురుగు) చర్మంలో దూరడానికి సిద్ధమవుతుంది. తేమ, నీడ ఉంటే మూడు నాలుగు వారాలు అక్కడే కాచుకుని ఉంటుంది. ఒట్టి కాలు పడితే వేళ్ల సందుల్లోంచి లోపలికి పోతుంది. ఈ సంగతి బయటపడిన తీరు చిత్రమైనది: కైరోలో ఆర్థర్ లూస్ అనే శాస్త్రవేత్త చేతి మీద లార్వాలున్న నీళ్లు పొరపాటున చిందాయి, ఆ చోట ఎర్రబడి దురద పెట్టింది, తర్వాత కొన్నాళ్లకు ఆయన మలంలోనే గుడ్లు కనబడ్డాయి. 1898 నాటి మాట. ఒక జాతి కొంకిపురుగు నోటి ద్వారా కూడా వస్తుంది గానీ, ప్రధాన దారి పాదాలే. కాబట్టి చేతులు ఎంత కడిగించినా కొంకిపురుగు పెద్దగా తగ్గదు. చెప్పులు వేయించాలి, ఆరుబయట మలవిసర్జన ఆపించాలి. ఇది పేగుకు అంటుకుని రక్తం తాగుతుంది: జాతిని బట్టి ఒక్కో పురుగుకు రోజుకు 0.03 నుంచి 0.2 మి.లీ. వంద పురుగులున్న పిల్లకు రోజుకు 3 నుంచి 20 మి.లీ. పోయినట్టు లెక్క. కళ్ల కింద రెప్ప లాగి చూస్తే పాలిపోయి ఉంటుంది.

నాలుగోది పిన్‌వార్మ్, రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే సన్నటి తెల్ల దారపు ముక్క. దీనికి మట్టితో పని లేదు. గుడ్లు కొన్ని గంటల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి. గోళ్లు, లోదుస్తులు, పక్కబట్టలు దాని బండి. దీనికోసం దొడ్లు కట్టడం దండగ. ఇంట్లో అందరికీ ఒకేరోజు మాత్ర వేసి, రెండు వారాల తర్వాత మళ్లీ వేయాలి, ఆ ఉదయాలే పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి. మామూలు మల పరీక్షలో ఇది చాలాసార్లు దొరకదు. పొద్దున్నే, స్నానానికీ దొడ్డికీ ముందే, పారదర్శకమైన టేపును మలద్వారం దగ్గర అద్ది, గాజు పలక మీద అతికించి చూస్తారు.

ఎలా తేల్చాలంటారా? అందరికీ పరీక్ష అక్కర్లేదు. 8 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో ఓ 50 మంది మలం నమూనాలు కేటో కాట్జ్ పద్ధతిలో చూడగల ల్యాబుకి పంపండి. అందులో 41.7 మి.గ్రా. మలం పట్టే చిన్న అచ్చు ఉంటుంది, లెక్కపెట్టిన గుడ్లను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. ఏలికపాముకు గ్రాముకు 5,000 లోపైతే తేలిక, 50,000 దాటితే తీవ్రం. కొంకిపురుగుకు 2,000 లోపు తేలిక, 4,000 నుంచి తీవ్రం. సాధారణంగా జరిగే తప్పు ఒకటుంది: స్లైడు చేసి పక్కన పెట్టి భోజనం చేసి వచ్చి చూస్తారు. గ్లిజరిన్ వల్ల కొంకిపురుగు గుడ్లు కరిగిపోయినట్టు మాయమవుతాయి. 30 నుంచి 60 నిమిషాల్లోపు చూడకపోతే "కొంకిపురుగు లేదు" అని తప్పుడు రిపోర్టు వస్తుంది. నమూనా ఇచ్చేటప్పుడే ఈ మాట అడగండి, మొహమాటపడకండి.

పరీక్ష ఎప్పుడు చేయిస్తారన్నది కూడా ఒక ఆధారం. గుడ్డు మింగిన నాటి నుంచి ఏలికపాము పెద్దదై గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మాత్ర వేసిన రెండు మూడు వారాలకే గుడ్లు కనబడితే మాత్ర పనిచేయలేదు, లేదా పిల్లలు మింగలేదు. అప్పుడు లేకుండా ఉండి నాలుగో నెలలో కనబడితే కొత్తగా ఎక్కించుకున్నవి. మీరు చెప్పిన "నాలుగైదు నెలలు" వింటే రెండోదే అనిపిస్తోంది. 2012లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, మందు వేశాక ఆరు నెలలకే ఏలికపాము వ్యాప్తి (పురుగులున్నవాళ్ల శాతం) మొదట ఉన్నదాంట్లో 68 శాతానికి, ఏడాదికి 94 శాతానికి తిరిగి చేరినట్టు తేలింది. కొంకిపురుగు మాత్రం ఏడాదికి 57 శాతం దగ్గరే ఉంది. అంటే మీకు జరుగుతున్నది మీ బడికే ప్రత్యేకం కాదు.

పైపురెంచి:

పురుగుల సంగతి పై మిత్రులు చెప్పారు, నేను నీళ్ల లెక్క చెప్తాను. కొత్త దొడ్లు మొదటి పని కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో బడుల కోసం ఇచ్చిన ప్రమాణాల్లో 25 మంది ఆడపిల్లలకు ఒక దొడ్డి, 50 మంది మగపిల్లలకు ఒక దొడ్డి, ఒక మూత్రశాల అని ఉంది. ఆ లెక్కన మీకు ఆడపిల్లలకు 6, మగపిల్లలకు 4 కావాలి. అంటే కొరత ఉన్నమాట నిజమే. కానీ ఇప్పుడు ఆడపిల్లలకు నడుస్తున్నవి రెండే. 15 నిమిషాల విరామంలో మనిషికి రెండు నిమిషాలు వేసుకున్నా రెండు దొడ్లలో పదిహేను మంది కూడా పూర్తవరు. మిగిలిన 135 మంది బిగబట్టుకోవాలి, లేదా గోడ వెనక్కి వెళ్లాలి. ఆ విరిగిన తలుపు బాగుచేసి, సిబ్బంది తాళం తీయిస్తే (వాళ్లకు వేరే ఏర్పాటు చేశాకే) ఒక్క ఇటుక పెట్టకుండా దొడ్లు రెట్టింపయ్యాయి. తరగతులవారీగా విరామం పది నిమిషాల తేడాతో ఇస్తే వరస ఇంకా తగ్గుతుంది. ఇది కాగితం మీద గంటలో అయ్యే పని.

ఇప్పుడు నీళ్లు. అదే ప్రమాణంలో తాగడానికి, చేతులకు, శుభ్రతకు మనిషికి రోజుకు 5 లీటర్లు. 334 మందికి 1,670 లీటర్లు. దొడ్లో పోసేందుకు మనిషికి 1.5 నుంచి 3 లీటర్లు, కడుక్కోవడానికి ఇంకో 1 నుంచి 2 లీటర్లు. అన్నీ కలిపితే రోజుకు 2,500 నుంచి 3,300 లీటర్లు కావాలి. మీ ట్యాంకు 1000 లీటర్లది, ఒక్కసారే నిండుతుంది. అంటే మధ్యాహ్నానికి ముందే అడుగంటుతుంది. భోజనానికి ముందు చేతులు కడిగే వేళకి, భోజనం తర్వాత దొడ్డికి వెళ్లే వేళకి, రెండిటికీ నీళ్లుండవు. నీళ్లు లేని దొడ్డిని మొదటి పిల్ల వాడాక రెండో పిల్ల చూసి వెనక్కి తిరుగుతుంది. ఇంకో నాలుగు దొడ్లు కడితే నీళ్లు లేని దొడ్లు పదకొండవుతాయి, అంతే. వచ్చే డబ్బులో మొదటి వాటా ఇంకో 2000 లీటర్ల ట్యాంకుకి, రెండోసారి నింపే ఏర్పాటుకి పెట్టండి.

దొడ్లు కట్టి సబ్బు పెట్టకపోతే ఏమవుతుందో కెన్యా బడుల్లో కొలిచి చూశారు: కొత్త దొడ్లు వచ్చిన చోట ఆడపిల్లల చేతుల మీద మలసంబంధ బ్యాక్టీరియా తగ్గలేదు సరికదా, పెరిగింది. ఆలోచిస్తే ఆశ్చర్యమేమీ లేదు, వాడకం పెరిగింది, కడుక్కోవడం పెరగలేదు.

చేతుల కుళాయిలు నాలుగంటున్నారు. 320 మంది, మనిషికి అర నిమిషం, నాలుగు కుళాయిలు: 40 నిమిషాలు. భోజనం గంట అంతా కడగడానికే సరిపోతుంది, అందుకే ఎవరూ కడగరు. దీనికి బదులు పొడవాటి పైపుకు వరసగా రంధ్రాలు వేసి పెట్టండి. 40 మి.మీ. పీవీసీ పైపు 3 మీటర్లు, 30 సెం.మీ.కి ఒకటి చొప్పున 3 మి.మీ. రంధ్రాలు పది. మొదట్లో ఒక బాల్ వాల్వు, చివర మరతో బిగించే మూత. ట్యాంకులో నీటిమట్టం పైపుకు మీటరు పైన ఉంటే ఒక్కో రంధ్రం నుంచి నిమిషానికి సుమారు లీటరు వస్తుంది, అంటే బిడ్డకు అర లీటరు. అలాంటి పైపులు రెండు పెడితే 320 మందికి 8 నిమిషాలు, 160 లీటర్లు. మామూలు కుళాయి తిప్పి వదిలేస్తే దీనికి ఐదారు రెట్లు పోతుంది. వాల్వు ఒక పెద్దపిల్లకో టీచరుకో అప్పజెప్పండి: తడవడానికి తెరవాలి, సబ్బు రుద్దేటప్పుడు మూయాలి, మళ్లీ తెరవాలి.

కింద పడిన నీళ్లు ఎక్కడికి పోతాయో ముందే చూసుకోండి. కంకర నింపిన కాలువ, దాని చివర ఇంకుడుగుంత. లేకపోతే నెలలో అక్కడ బురద మడుగు తయారై, పిల్లలు అటు రావడమే మానేస్తారు.

బడిగంట:

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే నీళ్లు పదకొండున్నరకే అయిపోతాయి. అది దొడ్ల సమస్య అనుకున్నాం గానీ ట్యాంకు సమస్య అనుకోలేదు. రెండు ప్రశ్నలు. సబ్బు మాయం కావడానికి ఉపాయం? మగపిల్లల మూత్రశాల వెనక, చెట్ల కింద చిన్నపిల్లలు కూర్చుంటున్నారు, ఆ మట్టిని ఏం చేయాలి?

చాక్‌పీసు:

బ్లీచింగ్ విషయంలో నాది పొరపాటే, ఒప్పుకుంటున్నాను. సబ్బు గురించి మాత్రం గట్టిగా చెప్పగలను. బిళ్ల పెట్టకండి. లీటరున్నర ప్లాస్టిక్ సీసాలో 30 గ్రాముల బట్టల సబ్బుపొడి వేసి నీళ్లు నింపి కలపండి, మూతకు మేకుతో ఒక చిన్న రంధ్రం పెట్టండి. సీసా నొక్కితే 3 మి.లీ. దాకా వస్తుంది, ఒక జత చేతులకు చాలు. 320 మంది రోజుకు రెండుసార్లు కడిగితే దాదాపు 2 లీటర్లు, అంటే సీసాన్నర లోపే. ఎవరూ జేబులో వేసుకుపోరు, నీళ్లలో పడి కరిగిపోదు. సీసా మీద పెద్దక్షరాలతో "సబ్బునీళ్లు, తాగొద్దు" అని రాసి, మెడకు తాడు కట్టి పైపు పక్కన వేలాడదీయండి. ఒకరిని పెట్టి పొద్దున్నే నింపించకపోతే మాత్రం మూడో వారానికి ఖాళీ సీసాలే వేలాడుతుంటాయి. చాలా బడుల్లో ఇది ఆగిపోయేది ఇక్కడే.

గోళ్లు మరవకండి. ఇథియోపియా ఉత్తర ప్రాంతంలో చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో మందు వేశాక ఆరు నెలలు చూశారు. సబ్బుతో చేతులు కడిగించిన పిల్లల్లో 14 శాతానికి పేగు పరాన్నజీవులు మళ్లీ సోకాయి, కడిగించని వాళ్లలో 29 శాతానికి. వారం వారం గోళ్లు తీసినవాళ్లలో 17, తీయనివాళ్లలో 26. గోరుకత్తెర ఎంత, దాని పని ఎంత! వారంలో ఒకరోజు ప్రార్థన వరసలోనే చూసేయొచ్చు. కత్తెర ఒక్కొక్కరికి వాడాక సబ్బునీళ్లలో కడిగి తుడవాలి, చర్మం తెగేంత లోపలికి తీయకూడదు.

పాఠం చెప్పడం వల్ల ఏమొస్తుందని కొట్టిపారేయొద్దు. చైనాలోని హునాన్‌లో 38 బడుల్లో 12 నిమిషాల కార్టూన్ చూపించి, దాని మీద చర్చ, బొమ్మల పోటీ పెట్టారు. విద్యాసంవత్సరం చివరికి పురుగులు సోకినవాళ్లు చూపించిన బడుల్లో 4.1 శాతం, చూపించని బడుల్లో 8.4 శాతం. అయితే ఆ బడుల్లో కడుక్కోవడానికి నీళ్లున్నాయా లేదా అన్నది మరవకూడదు; కుళాయి రాని చోట కార్టూన్ ఒక్కటే ఏం చేస్తుంది!

పైపురెంచి:

చెట్ల కింద మట్టి సంగతి. ముందు పిల్లలు అక్కడెందుకు కూర్చుంటున్నారో చూడండి. ఆరేళ్ల పిల్ల ఎత్తులో కూర్చుని ఆ దొడ్డిని చూడాలి. కాళ్లు పెట్టే పలకలు పెద్దవాళ్ల కొలతలో ఉంటే రెండు కాళ్లూ ఆన్చి కూర్చోలేదు, గుంతలో పడతాననే భయం. లోపల చీకటి. గడియ అందదు, అందినా బిగుసుకుపోతే బయటికి రాలేదు. 10 లీటర్ల బకెట్ ఎత్తలేదు. ఒక్క దొడ్డినైనా చిన్నపిల్లలకని వేరుచేసి, పలకలు దగ్గరగా బిగించి, గడియ 80 సెం.మీ. ఎత్తులో పెట్టి, పైన ఒక గాజు పెంకు వేసి, లీటరు మగ్గు అందేలా ఉంచండి. ఆడపిల్లల వైపు కనీసం రెండింటిలో మూతబుట్ట పెట్టండి, లేకపోతే ప్యాడ్లు బేసిన్ మెడలో ఇరుక్కుంటాయి, నెలకోసారి దొడ్డి మూతపడుతుంది.

తర్వాతే మట్టి. బూట్లు, చేతితొడుగులు వేసుకుని ఆ మేర పై మట్టి ఓ 10 సెం.మీ. చెక్కి, బావికీ నీటి పైపులకూ దూరంగా, వర్షపు నీరు నిలవని చోట, మీటరు లోతు గోతిలో పూడ్చేయండి. తీసిన చోట కంకర వేసి పలకలు పరచండి, లేదా కాంక్రీటు చేయండి. కొమ్మలు కొట్టించి ఎండ పడనివ్వండి. పొడి, ఎండ తగిలే గట్టి నేల మీద కొంకిపురుగు లార్వా నిలవదు. దొడ్డికి వెళ్లే దారి కూడా పలకలతోనే ఉండాలి, పిల్లలు చెప్పులు విప్పి వెళ్లేది ఆ దారినే.

సెప్టిక్ ట్యాంకు గురించి మీరేమీ రాయలేదు, కానీ గుడ్లన్నీ చేరేది అక్కడికే. బరువుగా ఉంటాయి కాబట్టి అడుగు మడ్డిలో దిగుతాయి. మడ్డి నిండిపోతే దిగడానికి చోటు లేక నీళ్లతోపాటు బయటికొచ్చేస్తాయి. పొడవాటి కర్రకు తెల్ల గుడ్డ చుట్టి మూతలోంచి నిటారుగా అడుగు తగిలేదాకా దించి, కొన్ని నిమిషాలుంచి నెమ్మదిగా తీయండి. నల్లగా అంటిన ఎత్తు మడ్డి. అది ట్యాంకు నీటి లోతులో మూడో వంతుకు చేరితే తోడించాలి. లోపలికి ఎవరినీ దించకండి, తొంగి కూడా చూడనివ్వకండి, ఆ వాయువు క్షణాల్లో మనిషిని పడగొడుతుంది. తోడిన మడ్డిని బడితోటకు ఎరువుగా వేయించుకోవద్దు. చల్లటి ప్రాంతాల్లో ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, 20 డిగ్రీలు దాటే చోట ఏడాదికి పైగా, కొత్తది కలపకుండా నిల్వ ఉంచితే తప్ప దాన్ని ముట్టుకోకూడదు.

శుభ్రం చేసే పద్ధతి కూడా రాసేస్తాను. గుడ్లను చంపలేం, కడిగి సెప్టిక్‌లోకి తోసేయగలం. కాబట్టి నీళ్లు, సబ్బుపొడి, గట్టి బ్రష్షు ముఖ్యం. విరామం తర్వాత ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదట గడియ, మగ్గు పిడి, తర్వాత నేల, చివర బేసిన్. అదే బ్రష్షుతో వెనక్కి రాకూడదు. బ్లీచింగ్ కావాలనుకుంటే అంతా కడిగాక, 10 లీటర్ల నీళ్లకు 170 గ్రాములు (30 శాతం క్లోరిన్ ఉన్న పొడి అయితే 0.5 శాతం ద్రావణం అవుతుంది), పది నిమిషాలుంచి కడిగేయాలి. బ్లీచింగ్, యాసిడ్ ఒకేరోజు ఒకే బేసిన్‌లో పోయనివ్వకండి. ఘాటైన క్లోరిన్ వాయువు వస్తుంది, ఇరుకు గదిలో అది ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది.

మాత్రలపెట్టె:

మాత్ర మార్చాలా అని అడిగారు, ఎవరూ చెప్పలేదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా మార్చకండి. ఒక్క మోతాదు 400 మి.గ్రా. అల్బెండజోల్ ఏలికపామును 95 శాతం దాకా నయం చేస్తుంది, కొంకిపురుగును 80 శాతం దగ్గర, కొరడాపురుగును మాత్రం 30 శాతమే. మెబెండజోల్ 500 మి.గ్రా. ఒక్క మోతాదు ఏలికపాముకు అంతే బాగా పనిచేస్తుంది కానీ కొంకిపురుగుకు చాలా తక్కువ. కాబట్టి మీ పిల్లల్లో కొరడాపురుగే ఎక్కువని తేలితే మాత్ర వేసినా తగ్గకపోవడంలో వింత లేదు, అప్పుడు మూడు రోజుల కోర్సో, ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో పురుగుల మందు కలిపి ఇవ్వడమో వైద్యులు తేలుస్తారు. ఏడాదికి రెండుసార్లు అన్నది వ్యాప్తి 50 శాతం దాటిన చోట పెట్టుకున్న లెక్క. 20 నుంచి 50 మధ్య అయితే ఏడాదికి ఒకసారి.

మాత్ర రోజు జరిగే తప్పులు ఎక్కువ. ఇంటికిచ్చి పంపితే సగం బ్యాగు అడుగునే ఉంటాయి. ఎదురుగా నమిలించి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి చూసి, అప్పుడు పేరు పక్కన గుర్తు పెట్టండి. బడికి చెల్లెళ్లు, తమ్ముళ్లు వస్తే: ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకు 200 మి.గ్రా., మూడేళ్ల లోపు వాళ్లకు తప్పనిసరిగా పొడి చేసి నీళ్లతో. ఏడుస్తున్న పిల్లను పట్టుకుని నోట్లో తోయడం చాలా ప్రమాదం, గొంతులో అడ్డుపడుతుంది. ఆరోజు జ్వరంగా ఉన్నవాళ్లకు వాయిదా వేయండి. మూర్ఛ ఉన్న పిల్లలకు వైద్యులను అడగకుండా ఇవ్వొద్దు. మెదడులో బద్దెపురుగు తిత్తులుంటే అల్బెండజోల్ వల్ల మూర్ఛ రావచ్చు. సిబ్బందిలో గర్భిణులుంటే మొదటి మూడు నెలల్లో వేసుకోకూడదు. పురుగులు ఎక్కువున్న పిల్లలకు కడుపునొప్పి, వికారం, ఒకటి రెండు వాంతులు రావచ్చు. నీడన పడుకోబెట్టి, నీళ్లిచ్చి చూస్తే చాలావరకు తగ్గుతుంది. ఈ సంగతి తల్లిదండ్రులకు ముందురోజే చెప్పండి. చెప్పకపోతే ఒక్క వాంతికి వదంతి పుట్టి, తర్వాతి విడతకు సగం మంది రారు.

ఇంకొకటి. ఏలికపాము, కొరడాపురుగు బడివయసు పిల్లల్లోనే ఎక్కువ. కొంకిపురుగు పెద్దవాళ్లలో ఎక్కువ. అదే మీ సమస్య అయితే బడిలో ఎంత వేసినా ఇంటి పెరట్లోంచి మళ్లీ వస్తుంది, ఆరోగ్య కార్యకర్తలతో మాట్లాడి ఇళ్లకూ వేయించాలి.

బడిగంట:

కమిటీకి ఇలా రాసుకున్నాను: ముందు 50 నమూనాలు, తలుపు, తాళం, విరామం మార్పు, డబ్బు రాగానే 2000 లీటర్ల ట్యాంకు, రెండు పైపులు, చిన్నపిల్లల దొడ్డి, మిగిలితే ఆడపిల్లలకు ఇంకో రెండు దొడ్లు. పైపురెంచి గారూ, పైపు ఎంత ఎత్తులో బిగించాలి? రంధ్రాలు కిందికా, పక్కకా?

పైపురెంచి:

వరస బాగుంది. చిన్నపిల్లల పైపు నేల నుంచి 55 సెం.మీ., పెద్దపిల్లలది 75. రంధ్రాలు నిట్టనిలువుగా కిందికే. పక్కకు పెడితే ఎదుటివాడి చొక్కా తడుస్తుంది, అదే ఆట అయిపోతుంది. లెవెల్ గొట్టంతో సరిచూసి బిగించండి, ఒకవైపు వాలితే ఆ చివర నీళ్లు కారుతూనే ఉంటాయి. డ్రిల్లు చేశాక లోపలి అంచుకు పేరుకున్న ప్లాస్టిక్ పీచు తీసేయాలి, చెత్త పట్టేది దానికే. చివరి మూతకు మాత్రం జిగురు పెట్టొద్దు. వారానికోసారి విప్పి వాల్వు పూర్తిగా తెరిస్తే ఇసుకంతా బయటికి కొట్టుకుపోతుంది.